తాత క్లారినెట్ ఏ మోడల్? ‘హాక్స్’ అన్న మాట ఒక్కటే కనబడుతోంది

కొర్లగుంట_కుర్రోడు:
మా తాత తిరుపతిలో పెళ్లి బ్యాండ్‌లో వాయించేవాడు. గంగమ్మ జాతరకూ ఈ క్లారినెట్టే. నల్లగా ఉంది, కీలన్నీ చిలుము పట్టినాయి. పై ముక్క మీద అచ్చు అరిగిపోయి ‘హాక్స్’, ‘లండన్’ మాత్రం తెలుస్తున్నాయి. చెన్నైలో ఒక షాపాయన చూసీ చూడకుండానే ‘బూసీ అండ్ హాక్స్, 1960ల సరుకు, మూడు వేలిస్తా’ అన్నాడు. నిజమేనా?

చిత్తూరు_సన్నాయి:
ఇచ్చేయొద్దు సామీ! ఫోటోలో కింది ముక్కకు వేళ్ల రంధ్రాల చుట్టూ రింగులు రెండే ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువమంది వాయించే కీల అమరిక, బోయమ్ సిస్టమ్‌కు అక్కడ మూడుంటాయి, పైన బొటనవేలి రింగుతో కలిపి ఇంకో మూడు. మీది ఆల్బర్ట్ అనే పాత అమరిక.

పీలేరు_మామ:
రింగుల లెక్కతో వయసు తేలదు. బోయమ్ వచ్చాక కూడా ఆల్బర్ట్‌లు చాలాకాలం తయారైనాయి. ముందు పేరు పూర్తిగా చదవండి. బూసీ, హాక్స్ వేర్వేరు కంపెనీలు, 1930లో కలిశాయి. ‘హాక్స్ అండ్ సన్’ అని ఉంటే అంతకు ముందుదనే అనుకోవచ్చు. గది చీకటి చేసి ఫోన్ టార్చి పక్కవాటుగా వేయండి, అక్షరాల గుంటలు నీడపడి కనిపిస్తాయి. సుద్దపొడి రుద్దినా తెలుస్తుంది గానీ ప్యాడ్ల (కీల కింద రంధ్రాలు మూసే మెత్తల) సందుల్లోకి పోతే తలనొప్పి. పాలిష్ జోలికి మాత్రం పోవద్దు, ఉన్న అచ్చు కూడా పోతుంది.

కొర్లగుంట_కుర్రోడు:
వేశానన్నా! ‘హాక్స్ అండ్ సన్, డెన్మన్ స్ట్రీట్, పికడిలీ సర్కస్’. దాని కింద విడిగా ‘హెచ్ పి’ అని రెండక్షరాలు. కింది ముక్క మీద పేరు లేదు, నంబరు కూడా వేరే.

పీలేరు_మామ:
హెచ్ పి అంటే హై పిచ్. ఇప్పుడు ‘ఎ’ స్వరం సెకనుకు 440 కంపనాలు. అప్పటి బ్రిటిష్ మిలటరీ బ్యాండ్లలో అది 452 దాకా ఉండేది. కీబోర్డు పక్కన వాయిస్తే దాదాపు పావు స్వరం పైన పలుకుతుంది. బ్యారెల్ (ఊదే మూతి కింది పొట్టి గొట్టం) బయటికి లాగితే కొంత దిగుతుంది, కానీ స్వరాలు ఒకదానికొకటి కుదరవు.

కొర్లగుంట_కుర్రోడు:
ఓహో! ఆర్కెస్ట్రా వాళ్లు పిలిస్తే తాత వేరే క్లారినెట్ అరువు తెచ్చుకునేవాడని నాయన చెబుతాడు. ఇందుకేనేమో.

తిరుచానూరు_రీడు:
నంబర్లు కలవలేదంటే రెండు వాయిద్యాల ముక్కలు అతికినట్టే. బ్యాండ్లలో ఇది మామూలే, ఒకటి పగిలితే ఇంకోదాన్నుంచి తెచ్చి తగిలిస్తారు. కింది ముక్క అసలు చెక్కేనా? ఎబొనైట్ (గట్టి రబ్బరు) అయితే ఎండకు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. తడిగుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూడండి, గంధకం వాసన వస్తే రబ్బరు సరుకే.

చిత్తూరు_సన్నాయి:
కచేరీకైతే 440 పట్టింపు దేనికి? శ్రుతిపెట్టెను దానికి సర్దుకుంటే సరి. సాధారణంగా బి ఫ్లాట్ క్లారినెట్ మనకు ఆరున్నర శ్రుతి, ఇది ఇంకాస్త పైన ఉంటుంది. ఆల్బర్ట్ మీద వేళ్లు జార్చి పలికించడం సులువు కూడా. టర్కీ వాళ్లు ఇప్పటికీ ఆ రకమే వాయిస్తారు.

కొర్లగుంట_కుర్రోడు:
రుద్దాను, టపాకాయల వాసన! కింది ముక్క రబ్బరే. పై ముక్క లోపల టార్చి వేస్తే చెక్క చారలు కనబడినాయి. షాపాయనకు ఫోన్ చేసి అమ్మనని చెప్పేశా. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ప్యాడ్లు మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?