ఆర్వీ-7 స్టిక్ ముప్పావుగంట పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతోంది, ఏం మార్చాలి?

గ్యారేజ్‌పక్షి:

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర ఉంటాను. ఆరేళ్ల పాటు రాత్రుళ్లూ శనాదివారాలూ గ్యారేజ్‌లో రివెట్లు కొట్టి కట్టుకున్న ఆర్వీ-7 అనే రెండు సీట్ల కిట్ విమానం ఈ మార్చిలో గాల్లోకి లేచింది. ఇప్పటికి 18 గంటలు ఎగిరాను. ఇంకా ఫేజ్ వన్ టెస్టింగ్‌లోనే, అంటే కొత్త విమానాన్ని మొదట పరీక్షించి చూసే గంటల్లోనే ఉన్నాను, నాకు మొత్తం 40 గంటలు పెట్టారు. ఇంజన్ బాగుంది, టెంపరేచర్లు బాగున్నాయి. ఇబ్బందల్లా నా ఎడమ చేతితోనే వచ్చింది.

ఆర్వీ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఇందులో సీట్లు పక్కపక్కనే, విమానాన్ని తిప్పే కర్ర, అదే స్టిక్, రెండు కాళ్ల మధ్య నేల మీంచి వస్తుంది, ఇంజన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ ప్యానెల్ మధ్యలో ఉంటుంది. అంటే ఎడమ సీట్లో కూర్చున్న పైలట్‌కి కుడి చెయ్యి థ్రాటిల్ మీద, ఎడమ చెయ్యి స్టిక్ మీద. నేను కిట్‌తో వచ్చిన స్టిక్‌ని కొయ్యకుండా అలాగే ఉంచేసి, దాని మీద యుద్ధ విమానాల్లో ఉండే తరహా పెద్ద గ్రిప్ ఒకటి బిగించాను. ట్రిమ్ (స్టిక్ మీద చేతి బలం తగ్గించేది), రేడియో, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే పలకలు), వీటి స్విచ్‌లన్నీ దాని మీదే. హ్యాంగర్‌లో కూర్చుని పట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉండేదో.

ఇప్పుడేమవుతోందంటే, నలభై నిమిషాలు దాటగానే చిటికెన వేలూ దాని పక్క వేలూ తిమ్మిరెక్కుతున్నాయి. భుజం పైకి లాగేసినట్టు ఉంటుంది. మోచెయ్యి కింద కండ నొప్పి. దిగాక పది నిమిషాల్లో తిమ్మిరి పోతుంది. దీనికి తోడు ఎడమ రెక్క కాస్త బరువుగా ఉంది, వదిలేస్తే మెల్లగా ఎడమకి వాలుతుంది, అందుకని ఎప్పుడూ స్టిక్‌ని కొంచెం కుడివైపు నొక్కి పట్టుకోవాలి. ఇంకొకటి, పోయిన వారం నేల మీద విమానాన్ని నడుపుతూ (టాక్సీ) స్టిక్ పూర్తిగా ఎడమకీ వెనక్కీ లాగితే గ్రిప్ నా తొడకి ఆనింది.

నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. స్టిక్ రెండంగుళాలు కోసేయనా, వంపు తిరిగిన స్టిక్ చేయించనా, గ్రిప్ మార్చనా? డబ్బు సంగతి తర్వాత, అసలు ఏది ముందు చెయ్యాలో తేల్చుకోలేకపోతున్నా.

రెండోవిమానం:

తమ్ముడూ, ముందు శుభాకాంక్షలు. ఆరేళ్లు పట్టుదలగా కూర్చోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. నేను ఆర్వీ-6 ఒకటి కట్టి, ఇప్పుడు ఆర్వీ-9ఏ ఎగురుతున్నాను, ఆరెగన్‌లో ఉంటాను, ఈ కిట్లు చేసే వ్యాన్స్ కంపెనీ వాళ్ల ఊరు ఆరోరాకి దగ్గర్లోనే.

నువ్వు చివర్లో రాసిన మాట నాకు అన్నిటికంటే పెద్దది. తొడకి ఆనడం అంటే నీకు పూర్తి ఎయిలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే, రెక్క వెనక అంచులోని పలక) అందడం లేదని. పక్కగాలిలో దిగేటప్పుడు, గాలి ఎడమ నుంచి కొడితే, సరిగ్గా ఆ మూలే నీకు కావాలి. అది సరిచేసేదాకా ఎగరకు. తిమ్మిరి సంగతి ఆ తర్వాత చూద్దాం.

రంపం ఇప్పుడే తీయకు. సీటు నుంచి మొదలుపెట్టు. నీ కుషన్ ముందు అంచు ఎంత మందం ఉంది? మోకాళ్ల కింద ఫోమ్ లావుగా ఉంటే తొడలు పైకి లేస్తాయి, స్టిక్ తిరిగే చోటుని అవే ఆక్రమిస్తాయి. మా హ్యాంగర్‌లో ఇద్దరు స్టిక్ కోసుకున్నాక కుషన్ మార్చుకుని, ఈసారి స్టిక్ పొట్టిదైపోయిందని మళ్లీ కొత్తది తెప్పించుకున్నారు. కుషన్ ఖాయం అయ్యాకే కొలతలు.

కొలిచేటప్పుడు ఇంజన్ ఆపి, ఎగిరే రోజు ఎలా ఉంటావో అలాగే కూర్చో: అవే బూట్లు, అదే హెడ్‌సెట్, బెల్టులు బిగించి. కళ్లు మూసుకో, భుజం వదిలెయ్, ముంజేతిని తొడ మీద పెట్టి గుప్పిట ఎక్కడ పడితే అక్కడ వదిలెయ్. ఇంట్లోవాళ్లెవరినైనా పిలిచి ఆ ఎత్తులో స్టిక్ మీద మాస్కింగ్ టేప్ అతికించమను. నీ అరచెయ్యి ఉండాల్సింది అక్కడ. ఇప్పుడున్నది ఎంత పైన ఉందో చూడు.

కోయాల్సి వస్తే లెక్క ఇదీ. కింద స్టిక్ తిరిగే బోల్టు నుంచి అరచేతి మధ్యదాకా 20 అంగుళాలు ఉందనుకో, రెండంగుళాలు తగ్గిస్తే అదే పనికి చేతి బలం సుమారు 11 శాతం ఎక్కువ కావాలి, చెయ్యి కదిలే దూరం పదో వంతు తగ్గుతుంది. ఎయిలెరాన్‌లో నీకు తేడా పెద్దగా తెలియకపోవచ్చు. కానీ ఎలివేటర్‌లో (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఆర్వీలు అసలే సున్నితం, వెనక సామాను పెట్టి సీజీ, అంటే విమానం బరువు కేంద్రం, వెనక్కి జరిగితే ఇంకా తేలికైపోతాయి, అప్పుడు పొట్టి స్టిక్‌తో చెయ్యి కాస్త కదిపినా ముక్కు గెంతుతుంది. ఒంటరిగా, సగం పెట్రోల్‌తో ఎగిరి చూసి బాగుందని నిర్ణయం తీసుకోకు. అర అంగుళం చొప్పున కొయ్యి, మధ్యలో ఎగిరి చూడు.

ఎడమ రెక్క బరువు గురించి. ఒక్కడివే ఎడమ సీట్లో ఉంటావు, నీ బరువంతా ఎడమే. దానికి తోడు ఒక్కో ట్యాంకు 21 గ్యాలన్లు, నిండితే 126 పౌండ్లు. ముందు ఎడమ ట్యాంకు కొంత కాల్చి చూడు, రెండు ఫ్లాపులూ సమానంగా మూసుకుంటున్నాయో, ఎయిలెరాన్లు సరిగ్గా కూర్చున్నాయో చూడు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వాలుతుంటే, తేలికగా ఉన్న రెక్క వైపు, అంటే నీకు కుడివైపు ఎయిలెరాన్ వెనక అంచుని కొంచెం కొంచెం నొక్కాలి. చాలా మెల్లగా, ఒక్కోసారి కనిపించీ కనిపించనంత. ఎక్కువ నొక్కేస్తే మళ్లీ చెక్క ముక్కతో తట్టి విప్పుకోవడం నరకం.

అమెరికా ప్రభుత్వం పాత పార్ట్ 23 రూల్స్‌లో ఫ్యాక్టరీ విమానాలకి, ఎక్కువసేపు పట్టి ఉంచాల్సిన బలం రోల్‌లో (పక్కకి వాల్చడం) 5 పౌండ్లు, పిచ్‌లో (ముక్కు పైకీ కిందికీ) 10 పౌండ్లు దాటకూడదని ఉండేది. ఇంట్లో కట్టుకున్న మన ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకి అది వర్తించదు. నన్నడిగితే గంటసేపు 2 పౌండ్లు పట్టుకున్నా చెయ్యి పడిపోతుంది. సూట్‌కేసు తూచే చిన్న స్ప్రింగ్ త్రాసు ఉంటుంది కదా, మంచి ఎత్తులో, ట్రాఫిక్ లేని చోట దాన్ని స్టిక్‌కి తగిలించి ఎంత లాగాల్సి వస్తోందో ఒకసారి చూడు.

ఫిజియో_ఎడిసన్:

నేను విమానం నడపను, మావారు కడుతున్నారు, రెక్కలు మా ఇంటి డైనింగ్ టేబుల్ పక్కనే ఉన్నాయి. వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టుని కాబట్టి రాస్తున్నాను.

మీరు ఏ వేళ్లో స్పష్టంగా రాశారు, చాలా మంచిదైంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే ముందు మణికట్టుని అనుమానిస్తాం. చిటికెన వేలూ ఉంగరం వేలూ అయితే చాలాసార్లు మోచెయ్యి. మోచేతికి దెబ్బ తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, ఆ నరమే. మోచెయ్యి ఎక్కువసేపు బాగా మడిచి ఉంచినా, లోపలి వైపు ఏదైనా గట్టి అంచు మీద ఆనించినా అది నలుగుతుంది. గ్రిప్ ఎత్తుగా ఉంది కాబట్టి మీరు భుజం ఎత్తుతున్నారు, భుజం అలిసిపోయి మోచేతిని పక్కనున్న ఆర్మ్‌రెస్ట్ మీద వాలుస్తున్నారేమో ఒకసారి గమనించండి. ఆ ఆర్మ్‌రెస్ట్ ఉత్త రేకా, మెత్త ఉందా?

గ్రిప్ లావు కూడా చూడండి. గుప్పిట పట్టినప్పుడు బొటనవేలి కొస మధ్యవేలి కొస మీదకి కొంచెం రావాలి. 3 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య లావు చాలామందికి హాయిగా ఉంటుంది. మరీ లావైనా, మరీ సన్నమైనా జారిపోకుండా ఉండటానికి మనకు తెలియకుండానే గట్టిగా పిసుకుతాం. కొత్త విమానం, టెస్ట్ ఫ్లయిట్లు, సహజంగానే టెన్షన్ ఉంటుంది, ఆ టెన్షన్ అంతా గుప్పిట్లోకి వెళ్తుంది. బ్యాటింగ్‌లో కింది చెయ్యి వదులుగా పట్టుకోమని కోచ్‌లు చెప్తారు చూడండి, అలా బొటనవేలూ రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. పది నిమిషాలకోసారి వేళ్లు ఒకసారి విప్పి మూయండి.

దిగిన తర్వాత కూడా తిమ్మిరి ఉండిపోతున్నా, వేళ్లలో పట్టు తగ్గినట్టు అనిపించినా ఎగరడం ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఒంట్లో బాగోలేనప్పుడు నడపకూడదని మీ రూల్ 61.53 ఎలాగూ చెప్తుందట, మావారు చెప్పారు.

వైరింగ్‌రాత్రులు:

పైన ఇద్దరూ చెప్పినవి చేశాకే ఇది చదువు బ్రదర్. నేను బేగంపేటలో సెస్నా 152 మీద నేర్చుకున్నాను, అందులో స్టిక్ బదులు స్టీరింగ్ లాంటి యోక్ ఉంటుంది. ఇక్కడికొచ్చి స్టిక్ పట్టుకున్న కొత్తలో నేనూ యోక్‌ని పట్టుకున్నట్టే చెయ్యంతా గాల్లో వేలాడదీసి పట్టుకునేవాణ్ణి. స్టిక్‌కి ముంజెయ్యి తొడ మీద కూర్చోవాలి, కదిలేది మణికట్టూ వేళ్లే.

నీ గ్రిప్ ముందుకు సూటిగా చూస్తోందా? ఎడమ మోచెయ్యి పక్కటెముకల దగ్గర ఉంటుంది, చెయ్యి అక్కడి నుంచి శరీరం మధ్యకి, అంటే ముందుకీ కుడికీ ఏటవాలుగా వస్తుంది. గ్రిప్ కూడా అటే చూడాలి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో కొంచెం తిప్పాలి. నేను 15 డిగ్రీల దగ్గర ఆగాను. కుడి సీటు స్టిక్‌కి దీనికి సరిగ్గా ఎదురు దిక్కు. తిప్పితే కిందున్న బోల్టు రంధ్రం సరిపోదు, కొత్తది వేయాలి, పాత రంధ్రానికి మరీ దగ్గరగా వేస్తే ట్యూబు అక్కడ బలహీనపడుతుంది. కోసి కొంచెం కిందికి దింపేటప్పుడే తిప్పుడు కూడా పెట్టుకుంటే ఒక్క రంధ్రంతో పోతుంది.

వైర్లు మర్చిపోకు. గ్రిప్ నుంచి వచ్చే సన్న వైర్ల కట్ట స్టిక్ అడుగున బయటికి వచ్చే చోట ట్యూబు అంచుకి రాసుకుంటుంది. అక్కడ రబ్బరు గ్రామెట్ పెట్టు, చిన్న లూప్ వదులు, స్టిక్‌ని నాలుగు మూలలకీ తిప్పి లూప్ ఎక్కడా బిగుసుకోవట్లేదని టార్చి వేసి చూడు. అక్కడ ఇన్సులేషన్ చిరిగితే ట్రిమ్ దానంతటదే పరిగెత్తే ప్రమాదం ఉంది. ఫ్లాప్ స్విచ్ గ్రిప్ మీంచి తీసెయ్యమనే చెప్తాను, స్పీడ్ ఎక్కువున్నప్పుడు వేలు తగిలితే ఫ్లాపులు దిగిపోతాయి.

ఇన్ని స్విచ్‌లు అక్కర్లేదనుకుంటే, ఉత్త స్టిక్‌కి క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్ ఎక్కించి చూడు. నేను హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవి ఎక్కించాను, చెమట పట్టినా జారదు. కింద అంచుకి టేపు చుట్టు, లేదంటే వేసవిలో మెల్లగా పైకి పాకుతుంది.

గ్యారేజ్‌పక్షి:

మూడు వారాలైంది, చేసినవి చెప్తాను. ముందు ఎగరడం ఆపేశాను. రెండోవిమానం అన్నా చెప్పినట్టు కళ్లు మూసుకుని కూర్చుంటే మా ఆవిడ టేప్ అతికించింది. నా చెయ్యి సహజంగా పడే చోటు గ్రిప్‌కి రెండుంబావు అంగుళాల కింద ఉంది! ఆరేళ్లలో ఇది ఒక్కసారి కూడా కొలవలేదు.

కుషన్ ముందు అంచు విప్పి చూస్తే మూడంగుళాల ఫోమ్. కరెంటు కత్తితో వాలుగా అంగుళం పైన తీసేశాను. తొడలు దిగాయి, దాంతో చెయ్యి పడే చోటు కూడా ఇంకో పావు అంగుళం కిందికి వెళ్లింది. పెద్ద గ్రిప్ తీసేసి, ట్రిమ్, రేడియో మాత్రమే ఉన్న చిన్నది పెట్టాను, అరచెయ్యి అందులోనే అంగుళంన్నర దిగింది. స్టిక్ అర అంగుళమే కోశాను. మొత్తం మీద పైనుంచి రెండంగుళాలు. మిగతా అర అంగుళం కావాలో వద్దో ఎగిరాక చూద్దామని వదిలేశాను. గ్రిప్‌ని 15 డిగ్రీలకి దగ్గరగా తిప్పాను. ఇప్పుడు స్టిక్ పూర్తిగా ఎడమకీ వెనక్కీ లాగితే తొడకీ గ్రిప్‌కీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి, ఎయిలెరాన్ తన స్టాప్‌కి తగులుతున్న టక్ శబ్దం వినిపిస్తోంది. ఇంతకుముందు ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు. ముందుకు నెడితే ప్యానెల్‌కి చాలా దూరం ఉంది. అన్నీ లాగ్‌బుక్‌లో రాశాను, మొదటి ఫ్లయిట్‌ని మళ్లీ టెస్ట్ ఫ్లయిట్‌గానే చేశాను, పైన ఎత్తులో స్లో ఫ్లయిట్ (బాగా నెమ్మదిగా ఎగరడం), స్టాల్స్ (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోయేదాకా వెళ్లి తేరుకోవడం) అన్నీ.

ఎడిసన్ అక్కా, మీ అనుమానం నిజమే. ఆర్మ్‌రెస్ట్ మీద ఉత్త అల్యూమినియం, సరిగ్గా మోచెయ్యి ఆనే చోట పెయింట్ నున్నగా మెరుస్తోంది. దాని మీద మెత్త అతికించాను, కానీ ఇప్పుడు చెయ్యి అసలు అటు వెళ్లట్లేదు.

నిన్న గంటా ఇరవై నిమిషాలు ఎగిరాను. చిటికెన వేలికి ఏమీ కాలేదు. ముంజెయ్యి మాత్రం చివర్లో కొంచెం లాగింది. త్రాసు తగిలించి చూస్తే కుడివైపు ఒకటిన్నర పౌండు, ఎడమ ట్యాంకు సగం అయ్యాక ఒకటికి కొంచెం తక్కువ. కాబట్టి ఎయిలెరాన్ అంచు జోలికి ఇంకా వెళ్లలేదు. శనివారం ఫ్లాపుల ఎత్తు కొలుస్తాను, నా కంటికి కుడిది కొంచెం కిందికి కనిపిస్తోంది.

రెండోవిమానం:

ఫ్లాప్ కొలిచేటప్పుడు రెండు వైపులా ఒకే స్కేలుతో, రెక్క వెనక అంచు నుంచి కొలువు. ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.