1928 ఆమ్‌స్టర్‌డామ్: ఆలిస్ మిలియా ఒప్పుకొని ఉండాల్సిందా?

పరుగుల_రమణ:
ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అథ్లెటిక్స్ పెట్టేది లేదంటే ఫ్రాన్స్‌కు చెందిన ఆలిస్ మిలియా 1921లో సొంత సమాఖ్య స్థాపించారు. మరుసటి ఏడాది పారిస్‌లో 'మహిళల ఒలింపిక్స్' పేరుతో 11 పోటీలు జరిపించారు. ఆ పేరు వదులుకుంటే 1928లో చోటిస్తామని పెద్దలు బేరం పెట్టారు. ఆమె పేరు వదులుకున్నారు. దక్కింది ఐదు పోటీలు! బ్రిటన్ అమ్మాయిలు ఆ అథ్లెటిక్స్‌ను బహిష్కరించారు. నా దృష్టిలో వాళ్లు చేసిందే సరైన పని.

చరిత్ర_మాస్టారు:
ఆ ఐదింటిలో 800 మీటర్లను ఇరికించడమే కొంప ముంచింది. ఐదారుగురు సొమ్మసిల్లి పడిపోయారని ఆనాటి పత్రికలు రాశాయి. తయారీ లేకుండా దింపితే అంతే. ఆ పరుగు మళ్లీ 1960 రోమ్ వరకు లేదు.

పరుగుల_రమణ:
ఫైనల్లో పరుగెత్తింది తొమ్మిది మంది. తొమ్మిది మందీ గీత దాటారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఇది తయారీ లేనివాళ్ల పరుగా?

కోస్తా_కిరణ్:
800 అయ్యాక మగవాళ్లూ కూలబడతారు. వాళ్ల పోటీని ఎవరూ తీసేయలేదు.

చరిత్ర_మాస్టారు:
గీత దాటారా అని కాదు, ఎంతమంది పడిపోయారని అడుగుతున్నాను. రెండో స్థానంలో వచ్చిన హితోమి కినుయే 100 మీటర్లలో ఫైనల్‌కు చేరలేక, అలవాటు లేని 800కు దిగింది. ఆమె పరిస్థితి ఏమిటి?

విజయ_వ్యాయామం:
మాస్టారూ, ఆ లెక్క ఇక ఆపండి. మా ఊరి బడిలో నేను జిల్లా పోటీలకు 1500 మీటర్లు రాయించుకుంటే మా వ్యాయామ ఉపాధ్యాయుడు పేరు కొట్టేశాడు. "పడిపోతే మీ నాన్నకు ఎవరు జవాబు చెప్పాలి? 400 చాలు" అన్నాడు. నేను అప్పటికి రోజూ పొలం గట్ల మీద అంతకు రెట్టింపు పరుగెత్తేదాన్ని. ఎంతమంది పడ్డారని మీరు అడిగిన ప్రతిసారీ నాకు ఆ గొంతే వినిపిస్తోంది.

చరిత్ర_మాస్టారు:
నన్ను ఆయనతో జమకట్టడం అన్యాయం. ఆడవాళ్లు పరుగెత్తకూడదని నేను ఎక్కడ అన్నాను? మిలియా చేసింది సరైనదే అంటున్నాను! ఐదైనా సరే, లోపలికి వెళ్లాలి. వెళ్లారు కాబట్టే హితోమి జపాన్‌కు తొలి మహిళా ఒలింపిక్ పతకం తెచ్చింది. బయట కూర్చుని బహిష్కరించిన బ్రిటన్ వాళ్లకు ఏం దక్కింది?

పరుగుల_రమణ:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. ఆ హితోమి 1926లోనే గోథెన్‌బర్గ్‌లో, మిలియా క్రీడల్లో, లాంగ్‌జంప్ గెలిచింది. 1922లోనూ 1926లోనూ అక్కడ 1000 మీటర్ల పరుగు ఉంది. తమ క్రీడలు కాబట్టి ఆడవాళ్లు నిలబెట్టుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 800 తీసేస్తుంటే అడ్డుకునే అధికారం వాళ్లకు లేదు. సొంత భూమి పట్టా రాసిచ్చి అదే భూమిని కౌలుకు అడిగినట్టయింది. 1934 లండన్‌తో ఆ క్రీడలు ఆగిపోయాయి.

సిక్కోలు_సీత:
మా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి గారి సంగతి చూడండి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు 1987 నుంచి ప్రపంచ పోటీలు ఉన్నాయి. ఆమె 1994, 1995లలో ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో ఆ ఆట అడుగుపెట్టింది 2000లో. బయట వేదిక లేకపోతే ఆమె సిడ్నీ వరకు ఏం చేసేవారు?

చరిత్ర_మాస్టారు:
సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చాకే కదా దేశమంతా ఆమె పేరు ఇంటింటా పలికింది?

సిక్కోలు_సీత:
ఖేల్‌రత్న అంతకుముందే వచ్చింది మాస్టారూ.

విజయ_వ్యాయామం:
రమణ గారూ, మీ మాటా నాకు పూర్తిగా మింగుడు పడటం లేదు. బహిష్కరించిన ఆ అమ్మాయిల్లో కొందరికి 1932 నాటికి పరుగు వయసు దాటిపోయి ఉంటుంది. వాళ్ల నాలుగేళ్లు ఎవరు తిరిగిస్తారు?

పరుగుల_రమణ:
ఎవరూ ఇవ్వరు. అది తెలిసే కూర్చున్నారు. అందుకే వాళ్లను గౌరవిస్తాను.

చరిత్ర_మాస్టారు:
నేను పరుగెత్తినవాళ్లనే గౌరవిస్తాను.