తారా కొండ పక్కనుంచి రహదారి: ఐర్లాండ్ చేసింది తప్పేనా?

కొండగాలి:
పోయిన ఆదివారం పిల్లలను తీసుకుని తారా కొండకు వెళ్లాను. డబ్లిన్‌కు వాయవ్యంగా, మీత్ జిల్లాలో ఉంది. ఐర్లాండ్ రాజులకు పట్టం కట్టిన చోటు అని ఊరించి తీసుకెళ్తే, మా చిన్నది చుట్టూ చూసి "కోట ఏది నాన్నా?" అంది. కోట లేదు. గడ్డి కప్పిన మట్టికట్టలు, గొర్రెలు, నడుమ నిటారుగా లీయా ఫాల్ అనే రాయి. అసలైన రాజు తాకితే ఆ రాయి అరుస్తుందట. మా పిల్లలిద్దరూ తాకారు, అరవలేదు. గాలి సద్దుమణిగినప్పుడు మాత్రం తూర్పు లోయ నుంచి సన్నగా వాహనాల హోరు వినిపించింది. అది ఎం3 రహదారి అనీ, 2010లో తెరిచారనీ, దాని మీద ఏళ్ల తరబడి గొడవలు, కోర్టు వ్యాజ్యాలు నడిచాయనీ ఇంటికి వచ్చాక తెలిసింది. తెలిసినవాళ్లు చెప్పండి: ఆ లోయలోంచి దారి తీయడం తప్పా, కాదా?

నవన్ నివాసి:
తప్పు కాదు. నేను నవన్ ఊరి నుంచి రోజూ ఆ దారిలోనే డబ్లిన్‌కు ఉద్యోగానికి వెళ్తాను కాబట్టి నాది స్వార్థమే అనుకోండి, ఒప్పుకుంటాను. కానీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాత ఎన్3 దారి కొండకు ఇంకా దగ్గరగా వెళ్తుంది. కొత్తది దానికి తూర్పున, లోయలోకి జరిగింది. కొండ మీద గడ్డిపరక కూడా కదలలేదు. నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని పాత రోజుల గురించి చెబుతుంటాడు: డన్‌షాక్లిన్ ఊరి నడివీధిలో లారీల వెనక బారులు తీరి, పిల్లలు నిద్ర లేవకముందే వెళ్లి, వాళ్లు పడుకున్నాక ఇల్లు చేరేవాళ్లట. ఇంకో మాట. డన్‌షాక్లిన్‌కూ నవన్‌కూ మధ్య దారి వేసేముందు 38 చోట్ల తవ్వకాలు జరిగాయి. దారి వేయకపోతే లిస్‌ముల్లిన్‌లో అంత పాత కట్టడం ఉందని ఎవరికి తెలిసేది?

పాతరాయి:
ఆ ఆఖరి వాక్యం దగ్గరే నాకు పేచీ. లిస్‌ముల్లిన్ ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. 2007 వసంతంలో, రహదారి పనుల ప్రారంభోత్సవం జరుగుతున్న రోజుల్లోనే అది బయటపడింది. కొయ్య గుంజలు వరుసగా నాటిన వలయాలు, ఒకదానిలో ఒకటి. బయటిది 80 మీటర్ల వెడల్పు, లోపలిది 16. ఇనుప యుగం నాటిది, అంటే క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందుది. జాతీయ స్మారకం అని ప్రకటించారు. ప్రకటించి ఏం చేశారు? 2004లో సవరించిన చట్టం మంత్రికి ఇచ్చిన అధికారంతో, కొలతలు తీసి, ఫొటోలు తీసి, తవ్వి తొలగించమని ఉత్తర్వు ఇచ్చారు. అప్పటి పర్యావరణ మంత్రి డిక్ రోష్ పదవి వదిలే ముందు దాని మీద సంతకం పెట్టి వెళ్లారు. తరువాత వచ్చిన జాన్ గోర్మ్‌లీ హరిత పార్టీ మనిషి. ఆయన కూడా ఆ ఉత్తర్వును తిప్పడం తన చేతిలో లేదన్నారు.

ఆ కట్టడంలో రాయి లేదు. కొయ్య ఎప్పుడో కుళ్లి, మట్టిలో మిగిలిన నల్లటి మరకలే ఆ కట్టడం. మరకను తవ్వితే మరక ఉండదు. కాగితాల మీద ఉంటుంది. దాన్ని వాళ్లు "నమోదు ద్వారా పరిరక్షణ" అన్నారు. మనిషి పోయాక ఫొటో ఉందిగా అన్నట్టు.

ఇక కొండ మీద గడ్డిపరక కదలలేదన్న మాట. కొండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? తారాకు ఎదురుగా స్క్రీన్ కొండ, మధ్యలో గౌరా లోయ. ఐర్లాండ్ పాత గాథల్లోని ఫియన్ వీరుల కథలు విన్నవాళ్లకు తెలుసు, ఆ వీరుల నాయకుడు ఫిన్ మనవడు ఆస్కర్ పడిపోయిన గౌరా యుద్ధం ఈ లోయదే. లోయలో రాత్ లూ అనే కోట దిబ్బ, దక్షిణాన గాథల్లోని మేవ్ రాణి పేరుతో పెద్ద మట్టికట్ట. ఇవి తారాకు కావలి కోటలనీ, అన్నీ కలిసి ఒకే క్షేత్రమనీ తారా మీద దశాబ్దాలు పనిచేసిన కోనర్ న్యూమన్ వంటి పురాతత్వవేత్తలు చెప్పారు. మనకు గుడి అంటే గర్భగుడి ఒక్కటేనా? కోనేరు, మాడవీధి, రథం తిరిగే దారి కూడా కాదా?

అటకమీది పుస్తకం:
ఒక పిడకలవేట. తారాను పాడుచేసినవాళ్లలో రోడ్డువాళ్లు మొదటివాళ్లు కారు. 1899 నుంచి 1902 దాకా కొందరు బ్రిటిష్ ఇజ్రాయెలీలు (బ్రిటిష్ వాళ్లు ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల వారసులని నమ్మేవాళ్లు), బైబిల్లో చెప్పిన నిబంధన మందసం అనే పవిత్రమైన పెట్టె తారాలో పాతిపెట్టి ఉందని నమ్మి, కొండ మీది సినడ్ల కోట అనే మట్టికట్టల వలయాన్ని అడ్డదిడ్డంగా తవ్వేశారు. భూస్వామి అనుమతి ఉంది మరి! మందసం దొరకలేదు. ఐరిష్ రచయితలు డగ్లస్ హైడ్, జార్జ్ మూర్, కవి యేట్స్ కలిసి లండన్ పత్రికకు నిరసన లేఖ రాశారు. ఆ గుంతల గాయాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొండగాలి గారి పిల్లలు బహుశా వాటిలోనే దూకి ఆడుకుని ఉంటారు.

సంశయం:
నాదొక చేదు ప్రశ్న. తారా ఐర్లాండ్ మొత్తానికి రాజధాని అన్నది ఎంతవరకు నిజం? ఉయి నీల్ అనే పాత ఐరిష్ రాజవంశం వాళ్లు తమ పెత్తనానికి పాత పవిత్రత అంటగట్టుకోవడానికి ఆ కథను పెంచారని చరిత్రకారులే అంటారు. ద్వీపం అంతటినీ నిజంగా ఏలిన రాజు చాలా కాలం లేనే లేడు. లీయా ఫాల్ కూడా ఇప్పుడున్న చోటుది కాదు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1798 తిరుగుబాటులో అక్కడ చనిపోయినవాళ్ల సమాధి గుర్తుగా తర్వాత జరిపి నిలబెట్టారు. 1843లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ అక్కడ లక్షల మందితో సభ పెట్టింది కూడా రాజకీయమే. ప్రతి తరమూ తన అవసరానికి వాడుకున్న కొండ మీద, ఒక తరం తన ప్రయాణ అవసరం తీర్చుకుంటే అపచారమా?

పాతరాయి:
మంచి ప్రశ్న, కానీ జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఉయి నీల్ వాళ్లు తారానే ఎందుకు ఎంచుకున్నారు? అప్పటికే అది మూడున్నర వేల ఏళ్ల పాత చోటు కాబట్టి. కొండ మీది బందీల దిబ్బ అనే సమాధి క్రీ.పూ. 3000 కంటే ముందుది. నవంబరు, ఫిబ్రవరి మొదట్లో సూర్యోదయపు కిరణాలు దాని లోపలికి పడతాయి. ఆ దిబ్బను చుట్టి, సుమారు 170 మీటర్ల వెడల్పున కొయ్య స్తంభాల వలయం ఒకటి ఉండేదని 1990ల్లో పార ముట్టకుండా, పరికరాలతోనే కనిపెట్టారు. రాజులు అబద్ధమైనా వలయం అబద్ధం కాదు. ఓకానెల్ సభ పెట్టాడు, నిజమే. సభ ముగిశాక జనం ఇళ్లకు వెళ్లిపోయారు. రహదారి వెళ్లదు.

నవన్ నివాసి:
వినడానికి బాగుంది. మరి మేము ఎలా వెళ్లాలి? 1963లో మూసేసిన నవన్ రైలు మార్గాన్ని తిరిగి వేయమని ఉద్యమకారులు అప్పుడే అడిగారు, అది న్యాయమైన కోరికే. రైలు దారి మధ్యలో డన్‌బాయిన్ ఊరి దగ్గరే ఆగిపోయింది. స్టేషన్ పేరు కూడా ఎం3 పార్క్‌వే! నవన్‌కు ఇంకా రాలేదు. ఇక టోల్ గేట్లు రెండు. ట్రాఫిక్ అంచనా కన్నా తగ్గితే నిర్వహించే సంస్థకు ప్రభుత్వమే లోటు పూడ్చాలని ఒప్పందం. ఆ ఒప్పందం గురించి నన్ను సమర్థించమని అడగకండి. దారి కావాలి అన్నాను, ఇదే కావాలి అనలేదు.

పాతరాయి:
అలాగైతే మన మధ్య దూరం నేననుకున్నంత లేదు.

నవన్ నివాసి:
ఉంది. దారి తూర్పుకు ఇంకా జరిపితే ఇంకెవరి పొలమో, ఇంకే దిబ్బో పోయేది. మీత్‌లో ఎక్కడ పార వేసినా ఏదో ఒకటి తగులుతుంది. అప్పుడు ఎవరు ఏడవాలో మీరే నిర్ణయిస్తారా?

కొండగాలి:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. నవంబరులో తెల్లవారుజామున మళ్లీ వెళ్లి బందీల దిబ్బ దగ్గర నిలబడాలని ఉంది. వచ్చేటప్పుడు లిస్‌ముల్లిన్ కూడా పిల్లలకు చూపిస్తాను. అక్కడ కారు ఆపుకునే చోటు ఉందా నివాసి గారూ?

నవన్ నివాసి:
లేదండీ. అది రహదారి కిందే ఉండేది. అక్కడ బండి ఆపకూడదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దాటిపోతాం. "ఇదే" అని మీరు చెప్పేలోపు వెనక్కి వెళ్లిపోతుంది.