చర్చ: విశ్వవిద్యాలయం బయట రాసినది సమాజశాస్త్రం అవుతుందా?

ప్రశ్న పెట్టినవారు (ఉప్పల్):
ఏ సంస్థ అండా లేకుండా సమాజం గురించి తెలుగులో రాస్తూ నాకు మరో ఏడాది నిండింది. "నీవి మంచి వ్యాసాలే కావచ్చు, కానీ వాటిని సమాజశాస్త్రం అనవచ్చా?" అని ఒక మిత్రుడు సూటిగా అడిగాడు. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

అధ్యాపకుడు (నల్లకుంట):
అనకూడదనే నా అభిప్రాయం. సమాజ పరిశోధకుడు ఎస్.సి.దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట అనే ఊరిని అధ్యయనం చేసినప్పుడు ఆయన వెంట ఉస్మానియాలోని వేర్వేరు శాఖల అధ్యాపకులు, విద్యార్థులు ఉన్నారు. ఒక్క ఊరిని అర్థం చేసుకోవడానికి అంతమంది పనిచేశారు. ఒకరు పొరబడితే మరొకరు సరిదిద్దగలిగే ఏర్పాటు అది. ఒంటరిగా రాసేవారికి ఆ దిద్దుబాటు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న పెట్టినవారు:
దిద్దుబాటు లేనిది శాస్త్రం కాదన్న మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అది విశ్వవిద్యాలయంలోనే దొరుకుతుందన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. శామీర్‌పేట గురించి దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' గ్రంథం వెలువడిన 1955లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దాన్ని రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు న్యాయవాది, 'గోలకొండ' పత్రిక సంపాదకులు. రాజుల వరుసను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది కావ్యాల నుంచి ఏరి కూర్చారు. అది చరిత్ర గదా అని మీరనవచ్చు. కానీ ఆయన వేసిన ప్రశ్నలు సమాజశాస్త్రానివే.

ఇక నా అనుభవం. కూలీల అడ్డా గురించి రాస్తూ, రోజుకూలి మేస్త్రీకీ కూలీకీ మధ్య బేరంలో తేలుతుందని నిర్ధారణగా రాశాను. కొన్నాళ్లకు అదే అడ్డాలో ఆ వ్యాసం చదివి వినిపించినప్పుడు, పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మధ్యలోనే ఆపింది: "అట్ల కాదు సారూ, రేటు మేం పొద్దుగాల చాయ్ తాగేటప్పుడే అనుకుంటం. దానికి తక్కువైతే మా ఊరోళ్లు ఎవ్వరూ పోరు." నేను బేరమనుకున్నది అప్పటికే కుదిరిన ఒక కట్టుబాటు! వ్యాసమంతా తిరగరాశాను. అది ఇంగ్లీషులో ఉండి ఉంటే ఆమె చెవిన పడేదే కాదు, నా తప్పు తప్పుగానే నిలిచిపోయేది. ఎవరి గురించి రాశామో వారే అడ్డం తిరిగి ప్రశ్నించగలగడం కన్నా గట్టి పరిశీలన నాకు తెలియదు.

పాఠకురాలు (బోరబండ):
మా నాన్న కూడా అడ్డా మీద నిలబడినవారే. ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించగల తెలుగులో ఇలాంటివి రావాలని కోరుకుంటున్నాను.

అధ్యాపకుడు:
ఆ పెద్దావిడ మీ వాక్యాన్ని సరిదిద్దారు, సంతోషం. కానీ తక్కిన అడ్డాల్లోనూ అదే కట్టుబాటు ఉందో లేదో ఆమె చెప్పలేరు. వానకాలంలో, పని దొరకని రోజుల్లో అది నిలుస్తుందా? మీరు రాసుకున్న నోట్సు మరొకరు చూసే వీలుందా?

ప్రశ్న పెట్టినవారు:
లేదు, అది నా లోపమే. ఈ వానకాలం మరో రెండు అడ్డాలకు వెళ్లాలనుకుంటున్నాను. మీ విద్యార్థుల్లో ఒకరిద్దరు తోడు వస్తామంటే, పేర్లు తీసేసి నా నోటుపుస్తకాలు ముందే వారి చేతిలో పెడతాను.