పాలీ బుష్‌లు వేయించాక కారు కిర్రుమంటోంది, మీకూ ఇలాగే జరిగిందా?

కృష్ణాతీరం:
నాది 2014 స్విఫ్ట్ డీజిల్, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు (కీళ్ల దగ్గర కుదుపు తగ్గించే మెత్తటి గొట్టాలు) చీలిపోవడంతో నాలుగు నెలల కిందట బయటి తయారీ పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు, అదే పాలీ బుష్‌లు, వేయించాను. మలుపుల్లో బండి ఎక్కువ ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌కు కూడా అవే. మొదట్లో స్టీరింగ్ బిగువుగా, చెప్పినమాట వింటున్నట్టు ఉండేది. వానలు పడ్డాక మొదలైంది బాధ. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు కిర్రుమంటుంది. మా అమ్మ కారెక్కగానే "బండి మూలుగుతోందేమిటి?" అని అడిగింది. వేసిన మెకానిక్ "పాలీ అంటే అంతే, శబ్దం మామూలే" అంటున్నారు. మళ్లీ రబ్బరుకే వెళ్లాలా?

పాతకారు_ప్రేమి:
మామూలు కాదండీ, ఆ మాట ఒప్పుకోకండి. రబ్బరు బుష్‌లో రబ్బరు ఇనుప స్లీవ్‌కు (బోల్టు దూరే లోపలి గొట్టానికి) అతికి ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడు రబ్బరే మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. ఒకదాని మీద ఒకటి జారే పనే లేదు. పాలీ బుష్‌లలో చాలావాటికి అలా కాదు, స్లీవ్ బుష్ లోపల జారుతూ తిరగాలి. ఆ జారుడుకు ఆధారం పలుచటి గ్రీజు పొర ఒక్కటే. అది పోతే స్లీవ్ పట్టేస్తుంది, వదులుతుంది, మళ్లీ పట్టేస్తుంది. మీకు వినపడుతున్నది అదే. బుష్‌లు వేసేటప్పుడు ఏ గ్రీజు పూశారో గుర్తుందా?

కృష్ణాతీరం:
పక్కనే నిలబడి చూశాను. బేరింగులకు వాడే డబ్బాలోంచి వేలితో కాస్త తీసి, బయటివైపు మాత్రమే పూశారు. బుష్‌లతో పాటు వచ్చిన చిన్న గ్రీజు పొట్లం విప్పకుండా ఇప్పటికీ డాష్‌బోర్డు అరలో ఉంది.

విశాఖ_చక్రం:
దొరికింది కదా! అలాంటి పొట్లాల్లో సాధారణంగా సిలికాన్ గ్రీజు ఉంటుంది. జిగటగా పట్టుకుని ఉంటుంది, నీళ్లకు తొందరగా కొట్టుకుపోదు. స్లీవ్‌కూ బుష్ లోపలి గోడకూ పూయాలి. బుష్ పక్క అంచులు బ్రాకెట్‌కు రాసుకునే చోట కూడా మరవకూడదు, సగం శబ్దాలు అక్కడివే.

నా అనుభవం స్టెబిలైజర్ బార్‌ది. బార్‌ను పట్టి ఉంచే క్లాంపులు విప్పితే బార్ మీద బుష్ కూర్చున్న చోట వేలెడు వెడల్పున ఎర్రటి తుప్పు. నునుపైన ఇనుము మీద జారాల్సిన బుష్ గరుకు కాగితం మీద తిరుగుతున్నట్టే. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, దానిపైన సిలికాన్ గ్రీజు పూసి బిగించాను. సముద్రపు గాలిలో తిరిగే బండే, అయినా పద్నాలుగు నెలలుగా చప్పుడు లేదు.

ఆటోనగర్_పనివాడు:
విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్ పనే చేస్తాను. విప్పే ముందు ఏ బుష్ అరుస్తోందో తేల్చుకోండి. ఒకరు బానెట్ పక్కన చేయి వేసి బండిని కిందికి నొక్కుతూ వదులుతూ ఉండాలి. మీరు స్ప్రే సీసాతో ఒక్కో బుష్ మీద నీళ్లు కొట్టి, కాసేపు విని, తర్వాతి దానికి వెళ్లండి. ఎక్కడ తడపగానే శబ్దం ఆగిందో, దొంగ అక్కడున్నట్టు. శబ్దం అసలు ఆగలేదంటే బాల్ జాయింట్ (ఆర్మ్ చివర గుండు కీలు), స్ట్రట్ మౌంట్ (షాక్ అబ్జార్బర్ పైకొస బిగించే చోటు) చూడాలి. రెండుసార్లు బుష్‌లు మార్పించుకున్న ఒకాయన బండిలో చివరికి తేలింది స్ట్రట్ మౌంటే. అనవసరంగా డబ్బు పోయిందని నాకే బాధేసింది.

తుప్పు వదిలించే స్ప్రే ఆయిల్ మాత్రం కొట్టకండి. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, ఈలోగా మిగిలిన కాస్త గ్రీజునూ కడిగేస్తుంది. పక్కనున్న రబ్బరు భాగాలు పెట్రోలియం నూనెకు ఉబ్బుతాయి కూడా. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఆర్మ్‌లు దించితే చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

మిషిగన్_తెలుగు:
ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బార్ తుప్పు పట్టడం ప్రతి ఏడాదీ ఉండేదే. శీతాకాలం పోగానే క్లాంపులు విప్పి తుడిచి గ్రీజు పెట్టడం అలవాటైపోయింది.

ఇంటిబండి:
నేను వేరేలా చెబుతాను. రబ్బరు బుష్‌ల గట్టితనం షోర్ ఏ కొలతలో (అంకె పెరిగేకొద్దీ గట్టిదన్నమాట) ఇంచుమించు 50 నుంచి 70 ఉంటే, పాలీవి ఎక్కువగా 80 నుంచి 95. గుంతల దెబ్బ అంతా లోపలికి వస్తుంది. పెద్దవాళ్లు కూర్చునే బండికి రబ్బరే మేలు. కాకపోతే చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే కొత్త రబ్బరు కూడా నెలల్లో చీలుతుంది. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయించండి. నా మొదటి జత అలా బిగించకే పోయింది.

కృష్ణాతీరం:
ఆదివారం నీళ్ల పరీక్ష చేశాం. తమ్ముడు నొక్కుతుంటే నేను కింద స్ప్రే పట్టుకుని పడుకున్నాను. లోయర్ ఆర్మ్‌లు అనుకున్నాను కానీ, ఎడమవైపు స్టెబిలైజర్ బుష్ తడవగానే గొంతు నొక్కినట్టు ఆగిపోయింది! విప్పితే లోపల గ్రీజు జాడే లేదు, బుష్ అంచు అద్దంలా మెరుస్తోంది. రెండు వైపులా తుడిచి, ఆ పొట్లం విప్పి పూశాను. మూడు వారాలైంది, అటునుంచి చప్పుడు లేదు. ఉదయంపూట గేటు దాటేటప్పుడు మాత్రం కుడి ఆర్మ్ సన్నగా కిర్రుమంటోంది. బుష్‌కు రంధ్రం వేసి గ్రీజు నిప్పల్ (బయటి నుంచి గ్రీజు ఎక్కించే చిన్న ముక్కు) పెట్టించుకోవచ్చా?

ఆటోనగర్_పనివాడు:
స్టెబిలైజర్ క్లాంపుకైతే ఫరవాలేదు, లోపలికి గ్రీజు పాకే గాడి ఉంటే. లోయర్ ఆర్మ్ బరువు మోసే భాగం, దానికి రంధ్రం వేయించకండి. బోల్టు తీసి స్లీవ్ బయటికి లాగి, పాత బేరింగు గ్రీజంతా తుడిచి సిలికాన్ పెట్టించండి. ఒక పూట పని.