అమ్మకి 76, రొమ్ము క్యాన్సర్ ఎముకల దాకా వెళ్లింది: కీమోనా, మాత్రలా, ఆపరేషనా?

పెద్దమ్మాయి

అమ్మ లెక్కల టీచరుగా రిటైరైంది. ఎడమ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అది పుండు పడి జాకెట్టు తడుస్తుంటే మా అమ్మాయి చూసింది. బయాప్సీలో హార్మోన్లని పట్టుకునే గ్రాహకాలు ఈఆర్ 90 శాతం, పీఆర్ 60 శాతం, హెర్2 అనే ప్రోటీన్ నెగటివ్. పెట్ స్కాన్‌లో వెన్నుపూసల్లో, కుడి తుంటిలో ఉందన్నారు, ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలు. లివర్ బాగుంది. షుగరుంది, గుండెకి స్టెంట్ వేశారు, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ 1.4. చేతికర్ర పట్టుకుని తన పనులన్నీ తనే చేసుకుంటుంది.

ఒక డాక్టరుగారు లెట్రోజోల్ అనే హార్మోన్ మందు, దానికి తోడు క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే పాల్బోసిక్లిబ్ మాత్రలూ, ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనూ అన్నారు. ఇంకోచోట చూపిస్తే వెంటనే కీమో మొదలుపెట్టాలన్నారు. తమ్ముడేమో ఆపరేషన్ చేయించాల్సిందే అంటాడు, గడ్డని ఒంట్లో పెట్టుకుని మాత్రలు మింగితే ఏం లాభమని. చెల్లెలు ఇవేవీ వద్దు, నొప్పి లేకుండా చూసుకుందాం అంటుంది. ముగ్గురం ఫోన్లో వాదించుకుంటాం, పక్కగదిలో అమ్మ టీవీ సౌండు తగ్గిస్తుంది. తనకి ఇన్ఫెక్షన్ అని చెప్పాం. నమ్మినట్టు లేదు.

మీ ఇళ్లలో దేనితో మొదలుపెట్టారు? పెద్దవాళ్లకి విషయం చెప్పారా?

వార్డు సిస్టర్

క్యాన్సర్ వార్డులో నర్సుగా చేస్తున్నానండీ. మందు రాయడం నా పని కాదు, కానీ ఈ గొడవ మా వార్డు గుమ్మం దగ్గర రోజూ జరిగేదే.

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన ముక్క వయసు కాదు, ఈఆర్ 90. హార్మోన్ మీద బతికే క్యాన్సర్ ఇది. ఇలాంటిదానికి నాలుగో స్టేజ్‌లో కూడా మామూలుగా హార్మోన్ మందుతోనే మొదలుపెడతారు. లివరో ఊపిరితిత్తులో వేగంగా దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చేట్టుంటే అప్పుడు కీమో వైపు చూస్తారు. కీమో అన్న డాక్టరుగారిని "ఏ అవయవం గురించి మీ భయం?" అని సూటిగా అడగండి. జవాబులో పస ఉంటే వినాల్సిందే.

మాత్రలంటే ఏమీ చెయ్యకపోవడం అనుకుంటారు చాలామంది. పాలోమా-2 అధ్యయనంలో ఒక్క లెట్రోజోల్ వాడినవాళ్లకి జబ్బు ముదరకుండా ఆగిన కాలం మధ్యస్థంగా 14.5 నెలలు, పాల్బోసిక్లిబ్ కలిపితే 24.8 నెలలు. అయితే ఆయుష్షు విషయంలో ఆ రెండు గుంపుల మధ్య గట్టి తేడా తేలలేదు. 2024లో అచ్చైన సోనియా అనే డచ్ అధ్యయనంలో పాల్బోసిక్లిబ్ లాంటి రెండో మందుని మొదట్లోనే ఇవ్వకుండా, హార్మోన్ మందు ఒక్కటే పనిచెయ్యడం మానేశాక కలిపినవాళ్లు కూడా మొత్తం మీద వెనకబడలేదు, పైగా సైడ్ ఎఫెక్టులు తక్కువ. అంచేత అమ్మగారు నీరసంగా ఉంటే ఒక్క లెట్రోజోల్‌తో మొదలుపెట్టొచ్చా అని అడగడం తప్పు కాదు. పాల్బోసిక్లిబ్ వాడితే తెల్లకణాలు పడతాయి, మొదటి రెండు నెలలు తరచూ రక్తపరీక్ష ఉంటుంది. 125 మిల్లీగ్రాములు తట్టుకోకపోతే 100కి, 75కి తగ్గిస్తారు. జ్వరం 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.

ఎముకల ఇంజెక్షన్ దగ్గర మాత్రం కాస్త ఆగండి. క్రియాటినిన్ 1.4 అంటే కొంచెమే ఎక్కువ కదా అనిపిస్తుంది. సన్నగా ఉన్న ముసలివాళ్లలో అది మోసం చేస్తుంది. కిడ్నీ ఎంత వడపోస్తోందో ఇలా లెక్కెయ్యొచ్చు: 140లోంచి వయసు తీసేసి కిలోల్లో బరువుతో గుణించండి, దాన్ని 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించండి, ఆడవాళ్లకి 0.85తో మళ్లీ గుణించాలి. 30 కంటే తక్కువ వస్తే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వరు. 30కీ 60కీ మధ్యైతే డోసు తగ్గిస్తారు.

ఇంకొకటి. వెన్నులో ఉంది కాబట్టి కాళ్లు బలహీనపడ్డా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అపాయింట్‌మెంట్ దాకా కూర్చోవద్దు.

కోడలు

సిస్టర్‌గారితో పేచీ లేదు కానీ, ముసలివాళ్లంటే కీమో వద్దు అని అందరూ ఒకటే పాట పాడితే నాకు ఒళ్లు మండుతుంది. మా అత్తయ్యకి 79. ఆవిడది హెర్2 పాజిటివ్, లివర్‌లో ఉంది. బంధువులందరూ వదిలెయ్యమన్నారు. వారం వారం పాక్లిటాక్సెల్ కీమో, దాంతోపాటు హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. వేళ్లు మొద్దుబారాయి, జుట్టు పోయింది. లివర్ మచ్చలు తగ్గాయి, కీమో ఆపి ట్రాస్టుజుమాబ్ ఒక్కటే ఇస్తున్నారు, మళ్లీ కోడళ్ల మీద కేకలేస్తోంది. మీ అమ్మగారి రిపోర్టు వేరు, అది ఒప్పుకుంటాను. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి అతికించొద్దనే చెప్తున్నా, అటైనా ఇటైనా.

ఆపరేషన్ సంగతి: మేమూ అడిగాం. ముంబయి టాటా మెమోరియల్లో 350 మంది మీద చేసిన పరీక్ష 2015లో వచ్చిందట. అప్పటికే వేరేచోట్లకి పాకినవాళ్లకి రొమ్ము తీసేసినా ఆయుష్షు పెరగలేదు. పుండు రక్తం కారుతూ మందులకి లొంగకపోతే, ఆ బాధ తగ్గించడానికి చేస్తారు, అది వేరే లెక్క. మీ తమ్ముడికి ఇది చూపించండి. వాసన వస్తుంటే మెట్రోనిడజోల్ జెల్ గురించి అడగండి, డ్రెస్సింగ్ మార్చేవాళ్లకీ అమ్మగారికీ ప్రాణం తేలికపడుతుంది.

పక్కగది మనిషి

నాకు 71 అమ్మాయ్. నాదీ ఇదే జబ్బు, ఎముకల్లో ఉంది. నేను మీ ఫోన్లో అవతలివైపు మనిషిని కాను, టీవీ సౌండు తగ్గించే మనిషిని.

మా పిల్లలూ ఇన్ఫెక్షనే అన్నారు. ఇన్ఫెక్షన్‌కి ఇంతమంది ఒకేసారి సెలవు పెట్టి రారని నాకు తెలీదా? తెలిసి కూడా వాళ్లకోసం తెలియనట్టు నటించాను, జబ్బు కంటే ఆ నటన ఎక్కువ అలసట. నువ్వు వెళ్లి అన్నీ గుమ్మరించక్కర్లేదు. "అమ్మా, రిపోర్టుల గురించి నీకు ఎంతవరకు చెప్పమంటావు?" అని అడుగు. వద్దంటే వద్దు, ఎవరితో మాట్లాడమంటుందో అదైనా చెబుతుంది. కావాలంటే ఆమె అడిగినంతే చెప్పు.

ఆ తర్వాత మందుల పేర్లు కాదు, దేనికోసం బతకాలనుందో, ఏది అస్సలు భరించలేదో అడుగు. నేను లెట్రోజోల్ మీద ఉన్నా. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోతాయి, కాసేపు నడిస్తే వదుల్తాయి. ఒళ్లంతా ఆవిర్లు. అయినా వేసుకుంటున్నా, ఎందుకంటే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూంకి వెళ్తున్నా. అది పోయిన రోజు మళ్లీ మాట్లాడుకుందామని డాక్టరుతో ముందే చెప్పుకున్నా. మీ చెల్లెలు నొప్పి సంగతి అంటోందిగా, ఆ పిల్ల మాట కొట్టెయ్యకు. నొప్పి డాక్టర్ని నేను మొదట్నుంచీ చూస్తున్నా, మందులు ఆపేశాక చూసే డాక్టరని ఎవరు చెప్పారో గానీ.

పెద్దమ్మాయి

అందరికీ దండం. పక్కగది అమ్మా, మీరు రాసింది ముగ్గురం చదివాం. తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అడిగాను. "క్యాన్సరేగా, ఏ స్టేజో చెప్పు" అంది. చెప్పాను. తర్వాత రిపోర్టులు తెమ్మని కళ్లద్దాలు పెట్టుకుంది. సిస్టర్‌గారు ఇచ్చిన సూత్రం చూపిస్తే పాత డైరీ వెనకపేజీలో పెన్నుతో వేసింది: 64 ఇంటూ తన బరువు 54, కింద 100.8, ఆ వచ్చిన 34.29ని 0.85తో గుణిస్తే 29 చిల్లర. "ఇంజెక్షన్ ఇవ్వబోయిన ఆయన ఇది వేశాడా?" అని నన్నే నిలదీసింది. తమ్ముడు ఇంకో స్కాన్ అంటే "నీకోసం ఒకటి చేయించుకుంటా, రెండోది అడక్కు" అంది.

తన షరతులు రెండు. తల పనిచెయ్యాలి. ఆసుపత్రి మంచం మీద వారాలు గడపకూడదు. కాబట్టి లెట్రోజోల్ మొదలుపెడుతున్నాం, పాల్బోసిక్లిబ్ సంగతి నెల తర్వాత ఒంట్లో ఓపిక చూసి డాక్టరుగారితో తేలుస్తాం, మూడు నెలలకి స్కాన్. పుండుకి డ్రెస్సింగ్ మొదలైంది. తుంటి నొప్పికి ఒక్క రోజులో అయ్యేలా కరెంటు (రేడియేషన్) పెడతామన్నారు. ఒక్కసారితో చాలుతుందా? కిడ్నీ లెక్క చూపించాక జోలెడ్రోనిక్ బదులు డెనోసుమాబ్ అనే ఇంకో ఎముకల ఇంజెక్షన్ అన్నారు, అది క్షేమమేనా?

వార్డు సిస్టర్

ఒక్కసారి ఇచ్చే 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్ నొప్పి తగ్గించడంలో పదిసార్లు ఇచ్చినదానికి తీసిపోదండీ. తేడా ఏంటంటే కొందరికి కొన్నాళ్లకి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఇచ్చాక ఒకట్రెండు రోజులు నొప్పి పెరగొచ్చు, కంగారుపడకండి, తగ్గడానికి వారాలు పడుతుంది. ఈలోగా మార్ఫిన్ ఇస్తే విరేచనం మాత్ర కూడా కలిపి రాశారా చూసుకోండి.

డెనోసుమాబ్ కిడ్నీ మీద భారం వెయ్యదు, కానీ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో కాల్షియం బాగా పడిపోతుంది. మొదటి డోసుకి ముందు కాల్షియం, విటమిన్ డి చూపించాలి, తర్వాత కూడా. పళ్ల డాక్టరు దగ్గరికి ఇంజెక్షన్ కంటే ముందే వెళ్లండి. పీకాల్సిన పన్ను ఉంటే ఇప్పుడే పీకించి మానాక మొదలుపెట్టాలి, లేకపోతే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది.

పెద్దమ్మాయి

కింద దవడలో ఒకటి కదులుతోందట. రేపే వెళ్తున్నాం.