క్వెరీ పారామీటర్ అంటే ఐచ్ఛికమేనా? డెవ్‌నెట్ అసోసియేట్ చదువుతున్నవారి మధ్య ఒక వాదన

తొలిప్రయత్నం:
సిస్కో వారి డెవ్‌నెట్ అసోసియేట్ (200-901, 2026 ఫిబ్రవరి నుంచి దీని పేరు సీసీఎన్ఏ ఆటోమేషన్) పరీక్షకు చదువుతున్నాను. ఏపీఐల (ఒక ప్రోగ్రాము మరోదాన్ని సమాచారం అడిగే మార్గాల) విభాగానికి 20 శాతం వెయిటేజీ ఉంది కనుక దాని మీదే ఎక్కువ సమయం పెడుతున్నాను. అమీర్‌పేటలో నేను చేరిన శిక్షణ తరగతి నోట్సులో "పాత్ పారామీటర్ తప్పనిసరి, క్వెరీ పారామీటర్ ఐచ్ఛికం" అని ఒకే వాక్యం ఉంది, దాన్నే కంఠస్థం చేశాను. (పాత్ అంటే వెబ్ చిరునామాలో ప్రశ్న గుర్తుకు ముందున్న భాగం, క్వెరీ అంటే తర్వాతది.) నిన్న రాత్రి సిస్కో సందేశాల సేవ వెబెక్స్‌లో ఒక రూమ్‌లోని సందేశాలు తెప్పించుకుందామని మెసేజెస్ చిరునామాకు గెట్ కాల్ (సమాచారం ఇమ్మనే అభ్యర్థన) పంపుతూ, రూమ్‌ఐడీ ఎలాగూ క్వెరీలోదే కదా అని వదిలేశాను. 400 వచ్చింది, అంటే అభ్యర్థనే తప్పని సర్వర్ జవాబు. టోకెన్ (నేనెవరో సర్వర్‌కు చెప్పే రహస్య సంకేతం) గడువు తీరిందనుకుని కొత్తది తెచ్చి మళ్లీ పంపాను, అదే జవాబు. (గడువు తీరితే 401 రావాలన్న సంగతి ఆ వేళప్పుడు తట్టలేదు.) చివరికి డాక్యుమెంటేషన్ తెరిచి చూస్తే రూమ్‌ఐడీ పక్కనే తప్పనిసరి అని రాసి ఉంది. నోట్సు తప్పా, నేను అర్థం చేసుకున్న తీరు తప్పా?

స్విచ్‌నాయుడు:
నోట్సును అంత తొందరగా తీసిపారేయకండి. నేను గత ఏడాది ఈ పరీక్ష రాశాను. ప్రశ్నలేమిటో చెప్పను, గోప్యత ఒప్పందం మీద మనమంతా సంతకం చేసినవాళ్లమే. కానీ 120 నిమిషాల పరీక్షలో ప్రతి చిరునామా ముందూ కూర్చుని తత్వవిచారం చేసే తీరిక ఉండదు. ప్రశ్న గుర్తుకు ముందున్నది ఏ వనరో చెబుతుంది, తర్వాతది దాన్ని వడగడుతుంది, వడపోత లేకపోయినా వనరు వస్తుంది. పది చోట్ల తొమ్మిది చోట్ల ఇదే జరుగుతుంది. మీకు తగిలింది ఆ పదోది.

పాతసర్వరు:
నాయుడు గారూ, పదోది తగిలినప్పుడే ఆ సూత్రం ఎందుకు విఫలమైందో చూడాలి. మీ వాక్యంలో సగం నిజం, సగం అలవాటు. ఏపీఐలను వర్ణించే ప్రమాణమైన ఓపెన్ఏపీఐ నిర్దేశం ప్రకారం పాత్‌లో ఉండే ప్రతి పారామీటర్‌నూ తప్పనిసరి అనే ప్రకటించాలి, వేరే దారి లేదు. క్వెరీ పారామీటర్ విషయంలో మాత్రం ఏమీ చెప్పకపోతే ఐచ్ఛికమని, చెబితే తప్పనిసరి కావచ్చునని అదే నిర్దేశం అంటుంది. అంటే ఐచ్ఛికత్వం క్వెరీకి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, రాసినవాడు నోరు మెదపనప్పుడు మనం అనుకునేది మాత్రమే.

అసలు తేడా మరోచోట ఉంది. వెబ్ చిరునామాల రూపాన్ని నిర్దేశిస్తూ 2005 జనవరిలో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 3986 చూడండి: పాత్‌లో ఉండేది అంతస్తుల వారీ సమాచారం, క్వెరీలో ఉండేది అంతస్తులు లేని సమాచారం. క్వెరీ మొదటి ప్రశ్న గుర్తు దగ్గర మొదలై, హ్యాష్ గుర్తు దగ్గరో చిరునామా చివరో ముగుస్తుంది. జిల్లా, మండలం, ఊరు, ఇంటి నంబరు అని రాసే ఉత్తరం పైచిరునామా పాత్ లాంటిది. వరుస మారితే ఉత్తరం దారి తప్పుతుంది. ఆ ఇంటికి వెళ్లాక "గత వారం వచ్చినవి మాత్రమే ఇవ్వండి, పది చాలు" అని అడిగేది క్వెరీ. వెబెక్స్‌వారు మెసేజెస్ అనే మొత్తాన్ని ఒకే ఇల్లుగా పెట్టి, ఏ రూమ్‌వో చెప్పనిదే తలుపు తీయం అన్నారు. అలా చేయడాన్ని ఏ ప్రమాణమూ కాదనదు.

పనిలో పనిగా మరొకటి. పేరు, సమాన గుర్తు, విలువ, మధ్యలో "&" అనే ఈ రూపాన్ని ఆ ఆర్ఎఫ్‌సీ శాసించలేదు, తరచూ ఇలా వాడుతుంటారని ప్రస్తావించి ఊరుకుంది. అది హెచ్‌టీఎంఎల్ ఫారాల నుంచి వచ్చిన ఆచారం. అందుకే ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏం చేయాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు: పీహెచ్‌పీ చివరిది ఉంచుకుంటుంది, జావా సర్వ్‌లెట్‌లో గెట్‌పారామీటర్ మొదటిది ఇస్తుంది, పైథాన్ పార్స్‌క్యూఎస్ అన్నిటినీ జాబితాగా చేతిలో పెడుతుంది.

స్విచ్‌నాయుడు:
ఓపెన్ఏపీఐ సంగతి ఒప్పుకుంటాను, "ఐచ్ఛికం" అన్న మాటను "సాధారణంగా ఐచ్ఛికం" అని దిద్దుకుంటాను. అయినా కొత్తవారికి మొదటి రోజే ఆర్ఎఫ్‌సీ చేతికిస్తే వారు పుస్తకం మూసేస్తారన్నది నా అనుభవం.

మంజరి:
ఇద్దరూ తప్పనిసరి గురించే వాదిస్తున్నారు. తప్పనిసరి పారామీటర్ వదిలేస్తే 400 వచ్చి చెంప ఛెళ్లుమంటుంది కనుక అది మేలే. ఐచ్ఛికమైనదాన్ని తప్పుగా రాసినప్పుడే అసలు ముప్పు, ఎందుకంటే చాలా సర్వర్లు తమకు తెలియని పేరును పట్టించుకోకుండా 200తో, అంటే అంతా సవ్యమేనని, జవాబిస్తాయి. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఒక రిపాజిటరీ (ప్రాజెక్టు) ఇష్యూలను, అంటే నమోదైన సమస్యలను, అడిగి చూడండి. స్టేట్ అన్న పారామీటర్ ఇవ్వకపోతే తెరిచి ఉన్నవే వస్తాయి, పేజీకి 30 చొప్పున వస్తాయి, పర్‌పేజీతో 100 దాకా పెంచుకోవచ్చు. నేను ఒకసారి "స్టేట్"లో ఒక అక్షరం ఎక్కువ రాసి, మూసేసిన ఇష్యూలు ఒక్కటీ లేవని మా బృందానికి నివేదిక పంపాను. వచ్చినవి సరిగ్గా 30. ఆ అంకె చూసినప్పుడైనా అనుమానం రావలసింది. పాత్‌లో అదే తప్పు చేసి ఉంటే అలాంటి చిరునామా లేదంటూ 404 వచ్చి అక్కడికక్కడే దొరికిపోయేదాన్ని.

కనుక తొలిప్రయత్నం గారూ, ప్రతి క్వెరీ పారామీటర్ ముందూ అది తప్పనిసరా కాదా అని మాత్రమే కాక, ఇవ్వకపోతే సర్వర్ ఏ విలువ అనుకుంటుందో కూడా అడగండి. వెబెక్స్ మెసేజెస్‌లో ఎన్ని సందేశాలు కావాలో చెప్పే మ్యాక్స్ ఇవ్వకపోతే 50 అని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

స్విచ్‌నాయుడు:
ఇది నా నోట్సులోనూ లేదు. రాసుకున్నాను.

తొలిప్రయత్నం:
రూమ్‌ఐడీ ఇస్తే పనిచేసింది, మంజరి గారు చెప్పినట్టు మ్యాక్స్ తీసేసి కూడా చూశాను. ఒక అనుమానం మిగిలింది. టోకెన్‌ను కూడా క్వెరీలో పెట్టేస్తే హెడర్ల (చిరునామాకు బయట, అభ్యర్థనతో వెళ్లే అదనపు వివరాల) బాధ తప్పుతుంది కదా?

పాతసర్వరు:
వద్దు. చిరునామా సర్వర్ లాగ్‌లోకి, బ్రౌజర్ చరిత్రలోకి యథాతథంగా ఎక్కుతుంది. హెచ్‌టీటీపీఎస్ దారిలో దాన్ని కాపాడుతుందే తప్ప, చేరిన చోట లాగ్‌లో పడకుండా ఆపలేదు. 2012 నాటి ఆర్ఎఫ్‌సీ 6750 బేరర్ టోకెన్‌ను (ఎవరి చేతిలో ఉంటే వారికే ప్రవేశమిచ్చేదాన్ని) క్వెరీలో పంపవద్దనే సలహా ఇస్తుంది, గిట్‌హబ్ 2021లో ఆ దారిని పూర్తిగా మూసేసింది. ఆథరైజేషన్ హెడర్‌లోనే పంపండి.

మంజరి:
చిరునామాను చేత్తో అతికించే అలవాటు కూడా మానండి. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో పారామ్స్ అనే నిఘంటువు (పేరు, విలువల జాబితా) ఇస్తే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను చిరునామాలో ఇమిడే రూపంలోకి మార్చడం, అదే చూసుకుంటుంది. "అమ్మ" అని వెతకాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ అని నాలుగు సంకేతాలు, ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, వెరసి 36 అక్షరాలు. అది చేత్తో రాసే పని కాదు.

ఇంకా కనిపించని చిక్కు మన కాలమానంలో ఉంది. సమయాన్ని "+05:30"తో ముగించి క్వెరీలో నేరుగా అతికిస్తే, ఫారాల ఆచారం పాటించే సర్వర్ ఆ కూడిక గుర్తును ఖాళీగా చదువుతుంది. మా కార్యాలయంలో ఒక పూటంతా సర్వర్‌నే తిట్టుకున్నాం. పారామ్స్ ద్వారా పంపి రెస్పాన్స్ చిరునామాను ప్రింట్ చేయించి చూడండి, కూడిక గుర్తు ఉండవలసిన చోట శాతం గుర్తు, రెండు, బీ కనబడతాయి.

తొలిప్రయత్నం:
చూశాను. కనబడ్డాయి.